మూర లోతు ఇసుకలో ఎంత వేడి?

2025 ఫిబ్రవరిలో గంజాం జిల్లాలోని రుషికుల్య నది ముఖద్వారం దగ్గర దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టాయి. 2023లో ఆ లెక్క 6 లక్షల పైచిలుకు. మధ్యలో 2024లో అవి సామూహికంగా రానేలేదు. ఈ మూడు సంవత్సరాలూ పత్రికలు ఫొటోలు వేశాయి. శాస్త్రవేత్తలు ఎందుకొచ్చాయో, ఎందుకు రాలేదో మాట్లాడారు. ఆ తీరంలో తరతరాలుగా ఉంటున్నది ఎక్కువగా మనవాళ్లే. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే తెలుగు మత్స్యకారులు. ఆ ఇళ్ల పిల్లలు మా బడిలో ఉన్నారు. తొమ్మిదో తరగతిలో నేను వాళ్లకిచ్చిన ప్రశ్న ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది: 'సరీసృపాల సాధారణ లక్షణాలు నాలుగు రాయండి.'

నాలుగూ రాశారు. చల్లని రక్తం, పొలుసుల చర్మం, ఊపిరితిత్తులతో శ్వాస, పెంకు ఉన్న గుడ్లు. పూర్తి మార్కులు కూడా వేశాను. తరువాత ఒక పిల్లాడు లేచి, 'మాస్టారూ, గూటిలో వేడి ఎక్కువైతే అన్నీ ఆడ తాబేళ్లే పుడతాయంట గదా, ఈ ఏడు ఎండలు ఇలా ఉంటే ఎలా?' అన్నాడు. తాబేళ్ల కాపలాకు వెళ్లే వాళ్ల చిన్నాన్న చెప్పాడట. వాడు చెప్పింది నిజమే. సముద్రపు తాబేలు పిల్ల ఆడదో మగదో తేల్చేది గుడ్డు పొదిగే రోజుల్లో ఇసుకలో ఉండే వేడి. 29, 30 డిగ్రీలకు అటూ ఇటూ కొద్ది తేడాలోనే అది మారిపోతుంది. ఎక్కువ వేడి ఉంటే ఆడవి, తక్కువైతే మగవి. పాఠ్యపుస్తకంలో ఈ మాట లేదు. నా దగ్గర జవాబూ లేదు. కొలిచి చూడాల్సిన ప్రశ్న అది.

హైస్కూలు పిల్లలు నిజమైన జీవశాస్త్ర పరిశోధన చేయగలరా అని మన పేరెంట్స్ మీటింగుల్లో అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, దానికి ల్యాబు కావాలి. రెండు, ఇంగ్లీషు కావాలి. తెలుగు మీడియం అనగానే రెండో మాట ముందుకొస్తుంది. ఆ మాట మీదే సెక్షన్లు ఖాళీ అవుతున్నాయి, బళ్లు మూతపడే దాకా వస్తున్నాయి. కాబట్టి ఈ రెండు జవాబుల్నీ నిదానంగా చూడాలి.

ల్యాబు సంగతి ముందు. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో బ్లాకాటన్ అనే చిన్న ఊరి ప్రాథమిక పాఠశాల ఉంది. అక్కడ 8 నుంచి 10 ఏళ్ల పిల్లలు 25 మంది, బో లాటో అనే శాస్త్రవేత్త తోడుగా, బంబుల్‌బీలనే బొద్దు తేనెటీగల మీద ప్రయోగం చేశారు. రంగురంగుల వృత్తాల్లో కొన్నింట్లో చక్కెర నీళ్లు, కొన్నింట్లో ఉప్పు నీళ్లు పెట్టారు. తీపి ఎక్కడుందో ఈగలు ఒక్క రంగును బట్టి గుర్తుపడతాయా, రంగులు అమర్చిన తీరును కూడా గమనిస్తాయా అన్నది వాళ్ల ప్రశ్న. 2010 డిసెంబరులో ఆ వ్యాసం రాయల్ సొసైటీ వారి 'బయాలజీ లెటర్స్'లో అచ్చయింది. పటాలు పిల్లలు రంగు పెన్సిళ్లతో గీసినవే. పూర్వ పరిశోధనల జాబితా లేదు, ఎందుకంటే ఆ వయసు పిల్లలు అవి చదివి ఉండరు గదా. పత్రిక దాన్ని అలాగే తీసుకుని, పక్కన నిపుణుల వ్యాఖ్య ఒకటి వేసింది. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది వ్యాసం పిల్లల మాటల్లోనే, కథ చెప్పినట్టుగా ఉండటం. అందులోని శాస్త్రం ఆ మాటల వల్ల ఏమీ తగ్గలేదు.

మన దేశంలో దగ్గరి ఉదాహరణ సీజన్‌వాచ్. 2010లో బెంగళూరు, మైసూరు శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన కార్యక్రమం. ఒక చెట్టును ఎంచుకుని వారం వారం చూడాలి. ఆకు, పువ్వు, కాయ: 'లేవు', 'కొద్దిగా', 'ఎక్కువ' అని మూడింట్లో ఒకటి రాయాలి. అంతే పని. కేరళలో వందల బళ్ల పిల్లలు ఏళ్ల తరబడి రాసిన ఆ లెక్కలు శాస్త్రవేత్తల పరిశోధనా వ్యాసాలకు ఆధారమయ్యాయి. విషు పండుగకు పూయాల్సిన కొన్నపూలు, అంటే మన రేల పూలు, ముందే పూస్తున్నాయా అన్న అనుమానానికి జవాబు వెతకడానికి అలాంటి రికార్డు తప్ప వేరే దారి లేదు. చెట్టుకు ల్యాబు అక్కర్లేదు. వారం తప్పకుండా చూసే మనిషి కావాలి, బడి కన్నా అలాంటి మనుషులు ఎక్కువగా దొరికే చోటు నాకు తెలియదు.

ఇక మా పిల్లల సంగతి. తాబేళ్ల గూళ్ల జోలికి వెళ్లకూడదని మొదటి రోజే చెప్పాను. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్డు ముట్టుకున్నా నేరమే. తాబేళ్లు గుడ్లు పెట్టే మేర అటవీ శాఖ కాపలాలో ఉంటుంది, అనుమతి లేకుండా అక్కడ థర్మామీటరు కూడా గుచ్చకూడదు. కాబట్టి ప్రశ్నను మార్చుకున్నాం. తాబేళ్లు రాని మా వైపు ఒడ్డులో, బయలు ఇసుకలో మూర లోతున ఎంత వేడి, సరుగుడు తోట నీడలో అదే లోతున ఎంత? తాబేలు గూడు కూడా సుమారు ఆ లోతే ఉంటుంది. తుపానులకు అడ్డుగా వేసిన సరుగుడు తోటలు తాబేళ్లకు మేలా కీడా అని పరిశోధకుల్లోనే చర్చ ఉంది. దాన్ని తీర్చే శక్తి మాకు లేదు గానీ, ఆ చర్చలో పనికొచ్చే ఒక అంకె మా ఒడ్డు నుంచి ఇవ్వగలం అనుకున్నాం.

నలుగురు పిల్లలు, రెండు ల్యాబు థర్మామీటర్లు. మొదటి చిక్కు వెంటనే వచ్చింది. గుంటలోంచి థర్మామీటరు పైకి తీసి కంటి దగ్గర పెట్టుకునేలోపే అంకె మారిపోతోంది. రెండు రోజులు తల పట్టుకున్నాక వాళ్లలో ఒక అమ్మాయి థర్మామీటరు గుండు చుట్టూ కొవ్వొత్తి మైనం ముద్దగా అంటించి, దారం కట్టి, ప్లంబింగు పైపులో దింపింది. మైనం వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, నెమ్మదిగానే వదులుతుంది. పైకి తీశాక చదువుకోవడానికి తీరిక దొరికింది. వాతావరణ కేంద్రాల్లో నేల వేడి కొలిచే పాతకాలపు సైమన్స్ థర్మామీటరు సరిగ్గా ఇదే: మైనంలో పొదిగిన గుండు, గొలుసుతో గొట్టంలో వేలాడేది. ఆ సంగతి నాకూ తరువాతే తెలిసింది. అమ్మాయికి చెబితే, 'అయితే ముందే కనిపెట్టేశారా' అని కాస్త చిన్నబుచ్చుకుంది.

రెండో చిక్కు పెద్దది. రెండు వారాలు కొలిచాక ఎందుకో అనుమానం వచ్చి రెండు థర్మామీటర్లనూ ఒకే బకెట్టు నీళ్లలో పెట్టించాను. ఒకటి రెండోదాని కన్నా 1 డిగ్రీ ఎక్కువ చూపించింది. తాబేలు ఆడో మగో తేలే చోట 1 డిగ్రీ అంటే చిన్న సంగతి కాదు. ఏ థర్మామీటరు ఎక్కడ పెట్టారో రాసుకుని ఉంటే ఆ డిగ్రీ తీసేసి లెక్క సరిచేసుకోవచ్చు. రాసుకోలేదు. ఒకరోజు ఇది బయలులో, మరోరోజు అది. రెండు వారాల అంకెలు పనికిరావు.

పిల్లల మొహాలు చూడలేకపోయాను. స్టాఫ్‌రూములో ఒక తోటి టీచరు తేలిగ్గా అన్నారు: 'చార్టు మీద ఎవరు చూస్తారండీ, కాస్త సర్దేయండి.' ఆయన చెడ్డవారని నేను అనను. మన సైన్స్ ఫెయిర్లు మనందరికీ నేర్పిన అలవాటు అది. థర్మాకోల్ నమూనా, మెరుపు కాగితం, ముందే తెలిసిన ముగింపు. గైడు టీచరు రాసిన రిపోర్టు, పిల్లలు బట్టీపట్టిన ప్రసంగం. నేనూ పదేళ్లు అలాగే చేశాను, బహుమతులు కూడా తెచ్చుకున్నాను. పిల్లల్ని కూర్చోబెట్టి ఏం చేద్దామని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి తాబేళ్ల ప్రశ్న వేసిన ఆ పిల్లాడే రిజిస్టరులో ఆ రెండు వారాల పేజీల మీద అడ్డంగా గీత కొట్టి, కింద కారణం రాశాడు. మర్నాటి నుంచి థర్మామీటర్లకు నెయిల్ పాలిష్‌తో 1, 2 అని అంకెలు వేశారు.

మిగిలిన ఆరు వారాల్లో తేలింది ఇదీ. మధ్యాహ్నం బయట ఇసుక మీద కాలు మోపలేం. మూర లోతుకు వెళితే ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా దాదాపు లేదు. నీడకూ బయలుకూ మాత్రం లోతులో కూడా తేడా ఉంది, పైన ఉన్నంత కాదు. అంతకు మించి చెప్పడానికి మా కొలతలు చాలవు. ఒకే ఒడ్డు, ఒకే ఋతువు.

భాష సంగతి ఇక్కడే వస్తుంది. రిజిస్టరు అంతా తెలుగులోనే ఉంది, అదీ వాళ్ల ఇంటి తెలుగులో. ఒక రోజు ఎదురుగా 'ఇసుక చెమట పట్టింది' అని రాసుంది. ఇదేమిటని అడిగాను. తవ్వుతుంటే ఒక లోతు దగ్గర ఇసుక చేతికి తడిగా తగిలిందని, ఎండిన పొర ఆ రోజు పలచగా ఉందని అర్థం. తడి ఇసుక వేడెక్కే తీరు వేరు. ఆ రోజు నుంచి చెమట పట్టే లోతు ఎన్ని వేళ్లో కొలిచి పక్క గడిలో రాయడం మొదలుపెట్టారు. ఇదే రిజిస్టరును ఇంగ్లీషులో రాయమని ఉంటే ఆ పిల్లాడు 'టెంపరేచర్' అన్న గడి నింపి ఊరుకునేవాడు. తనకు మాట తెలియని విషయాన్ని పిల్లవాడు రాయడు. కొన్నాళ్లకు చూడటం కూడా మానేస్తాడు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నా, ఇది నాకు ఆ గడి చూసిన రోజే తట్టింది.

మరి పోటీకి తీసుకెళితే ఏమైంది? ఏ పోటీ అన్నది చెప్పను. న్యాయనిర్ణేత ఒకరు పిల్లలు నోరు తెరవగానే ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ చెప్పమన్నారు. మా పిల్లలకు ఒడియా వచ్చు, బజారులో మాట్లాడేంత. మైనం, గుండు, చెమట పట్టిన ఇసుక ఆ ఒడియాలోకి రాలేదు. కొట్టివేసిన రెండు వారాల గురించి చెప్పబోతుంటే 'తప్పులు వద్దు, ఫలితం చెప్పండి' అన్నారు. ఎంపిక కాలేదు. అక్కడ తప్పు నాది కూడా. ఏ భాషలో చెప్పవచ్చో నిబంధనల కాగితం ముందే తెప్పించుకుని చేతిలో పెట్టుకుని వెళ్లాల్సింది.

తెలుసుకోవాల్సిన నిబంధనలు ఉన్నాయి మరి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 1993 నుంచి నడుపుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు పాల్గొనవచ్చు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా ప్రాజెక్టు సమర్పించవచ్చు. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది, పిల్లలు చదివేది బళ్లారిలోనా బరంపురంలోనా అన్నదానితో పని లేదు. ఈ మధ్య జరిగిన కాంగ్రెస్ అంశం 'ఆరోగ్యం, సంక్షేమం కోసం జీవావరణాన్ని అర్థం చేసుకోవడం', అంటే నేరుగా జీవశాస్త్రమే. ఇన్‌స్పైర్-మానక్ పథకం వేరు. ఆరో తరగతి నుంచి పిల్లలు కొత్త ఆలోచన పంపితే, ఎంపికైనవారికి 10,000 రూపాయలు వస్తాయి. మంచిదే గానీ అది పరికరాల, ఆవిష్కరణల బాట. నెలల తరబడి గమనించే పనికి బాలల కాంగ్రెస్సే సరిపోతుంది. అక్కడ లాగ్‌బుక్‌కు విలువ ఉంది.

ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు 350ఎ అధికరణం ఉందని మన సంఘాల వేదికల మీద చాలాసార్లు విన్నాం. 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి దాకా, వీలైతే ఎనిమిది దాకానూ ఆపైనా మాతృభాష అంటోంది. హైస్కూలు తెలుగు సెక్షనుకు ఇవి పూర్తి రక్షణ ఇవ్వవు. అందుకే ఆ సెక్షనులో ఏం జరుగుతోందో చూపించాల్సిన భారం మన మీదే పడుతోంది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పెద్ద నగరాల్లో హైస్కూలు పరిశోధన ఇప్పుడు వ్యాపారమైంది. అమెరికాలో విశ్వవిద్యాలయ ప్రవేశాల కోసం డబ్బు కట్టి పిల్లల పేర పరిశోధనా పత్రాలు తయారు చేయించుకునే తంతు మీద 2023లో ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వివరంగా రాసింది. ఆ గాలి మన నగరాలకూ తగిలింది. ఎవరైనా మీ అమ్మాయి పేరు అచ్చులో వేయిస్తామని ఫీజు చెబితే, రిజిస్టరు ఎవరు రాస్తారని అడగండి. ఇంట్లో పిల్లల్ని కూడా మార్కులు, బహుమతి అడిగే ముందు 'ఎన్నిసార్లు చూశావు, ఏ రోజు తేడాగా కనిపించింది?' అని అడిగితే చాలు, చేసిన పిల్లలు గంటసేపు చెబుతారు.

జీవశాస్త్రం కాబట్టి చేయకూడనివీ ఉన్నాయి. బూజు, బాక్టీరియా ఇంట్లో పెంచే ప్రయోగాలు వద్దు. అమెరికాలో జరిగే అంతర్జాతీయ సైన్స్ పోటీ ఐసెఫ్ నిబంధనలే ఇంట్లో సూక్ష్మజీవుల్ని పెంచడాన్ని నిషేధిస్తాయి. మనుషుల రక్తం, మందుల జోలికి వెళ్లవద్దు. ఇంటింటి సర్వే చేస్తే ఇంటివారి అనుమతి తీసుకోవాలి. పక్షుల గూళ్లు కదపకూడదు. సముద్రం ఒడ్డుకో చెరువు గట్టుకో వెళితే పెద్దవాళ్లు ఒకరు వెంట ఉండాలి. మా విషయంలో ఒకరి తండ్రి వేటకెళ్లని రోజుల్లో తోడొచ్చేవాడు. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య ముఖద్వారం దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల మేర తాబేళ్ల కోసం వేట నిషేధం ఉంటుంది గదా, ఆయనకు ఖాళీ దొరికింది అందువల్లే. 'మా కూడు ఆపిన తాబేళ్ల కోసం మా పిల్లలే గుంటలు తవ్వుతున్నారు' అని నవ్వేవాడు. ఆ నవ్వులో ఎంత చేదు ఉందో నేను సరిగ్గా చెప్పలేను. వారం పోయాక ఆయనే మమ్మల్ని అడిగాడు: ఇసుక వేడెక్కితే ఆడవే పుడితే, కొన్నేళ్లకు తాబేళ్లే ఉండవా, అప్పుడు నిషేధమూ ఉండదా? పిల్లలు నా వైపు చూశారు. మగవి మరీ తగ్గితే గుడ్లు ఫలదీకరణ చెందడం కష్టమవుతుంది, దానికి ఎన్నేళ్లు పడుతుందో మన అంకెలతో చెప్పలేం అన్నాను. ఆయన తలూపి, అయితే వచ్చే ఏడూ కొలవండి అన్నాడు.

ప్రతి ఊళ్లో తాబేళ్లు ఉండవు. యానాం బడికి కూతవేటులో గోదావరి మడ అడవులున్నాయి. చెట్టు మీదే మొలకెత్తి బురదలో పడే మడ విత్తనాల్లో ఎన్ని నిలదొక్కుకుంటున్నాయో లెక్కపెట్టవచ్చు. షోలాపూరు మగ్గాల వీధుల పిల్లలు ఇళ్లలోని సిమెంటు తొట్లలో దోమ లార్వాలు ఏ వారం పెరుగుతున్నాయో చూడవచ్చు. హోసూరు పిల్లలు తమిళనాట జనవరిలో జరిగే పొంగల్ పక్షుల లెక్కలో తమ చెరువును చేర్చవచ్చు. బళ్లారిలో గనుల దుమ్ము పడే చెట్టునూ పడని చెట్టునూ పక్కపక్కన పెట్టి ఏడాది పొడుగునా ఆకులు, పూత చూడవచ్చు. ఒక్కటే ప్రశ్న పెట్టుకోండి, చిన్నదిగా ఉండనివ్వండి. రెండు థర్మామీటర్లు వాడితే ముందు రెండింటినీ ఒకే బకెట్టులో పెట్టండి.

మా నలుగురిలో ఇద్దరు ఇప్పుడు పదో తరగతి దాటిపోయారు. పైపులు స్టాఫ్‌రూము మూలన ఉన్నాయి, మైనం కరిగి ఒకదానికి అంటుకుపోయింది. కొత్త తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు పాత రిజిస్టరు తీసుకెళ్లారు. కొట్టివేసిన పేజీల దగ్గర ఆగి, ఇదెందుకు కొట్టేశారని అడిగారు. కింద రాసి ఉంది, చదవండి అన్నాను. డిసెంబరు చివర్లో గుంటలు తవ్వాలి.